హోల్డర్‌లోంచి నాణెం బయటికి తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రి, అమలాపురం, భీమవరం వైపు నుంచి నాణేలు దాచుకునే మిత్రులు నాకు చేసే ఫోన్లలో సగం ఒకటే సంగతి: ప్లాస్టిక్‌లో ఉన్న నాణెం బయటికి ఎలా తీయాలి, తీస్తే ఏమవుతుంది. అడిగిన ప్రతివాళ్ళకీ మొదటి నుంచి చెప్పుకొస్తున్నాను, కొన్నిసార్లు తొందరలో ఏదో ఒకటి మర్చిపోతున్నాను కూడా, అందుకే అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చూసుకున్నా సరిపోయేలా దేని జవాబు దానికే ఇచ్చాను.

## తీయాలా, వద్దా

స్లాబ్ అంటే ఏంటండీ? మామూలు డబ్బీకీ దానికీ తేడా ఏంటి?

గ్రేడింగ్ కంపెనీ నాణేన్ని పరీక్షించి, అసలుదో నకిలీదో తేల్చి, 70 పాయింట్ల కొలమానంలో గ్రేడు (నాణెం ఎంత బాగా నిలిచి ఉందో చెప్పే అంకె) వేసి, గట్టి ప్లాస్టిక్ పలకలో పెట్టి మూసేస్తుంది. ఆ పలకే స్లాబ్. మన దగ్గర ఎక్కువగా కనిపించే పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో అమెరికాలో మొదలయ్యాయి. స్లాబ్‌ని మూసేది జిగురుతో కాదు, అల్ట్రాసోనిక్ వెల్డింగ్‌తో. రెండు సగాల అంచులూ కంపనాల వేడికి కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కాబట్టి ఒకసారి విప్పితే మళ్ళీ మూసే దారి లేదు. గుండ్రటి క్యాప్సూల్ అలా కాదు, డబ్బా మూతలా నొక్కితే పడుతుంది, లాగితే వస్తుంది. మీ చేతిలో ఉన్నది ఏ రకమో ముందు తేల్చుకోండి, చేసే పని దాన్ని బట్టే ఉంటుంది.

స్లాబ్ పగలగొడితే నాణెం విలువ తగ్గిపోతుందా?

నాణెం తగ్గదు గానీ దాని మీద కొనేవాడికున్న నమ్మకం తగ్గుతుంది, డబ్బు లెక్కలో చూస్తే రెండూ ఒకటే. కంపెనీ ఇచ్చే హామీ నాణెం ఆ స్లాబ్‌లో ఉన్నంతవరకే. బయటికి తీశాక లేబుల్ జాగ్రత్తగా దాచి చూపించినా, ఆ లేబుల్ ఈ నాణేనిదే అని ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. అమ్మే ఉద్దేశం ఏ కాస్త ఉన్నా పగలగొట్టొద్దు. చేతిలో పట్టుకుని చూసుకోవాలనో, తాతల నాటి మిగతా నాణేలతో కలిపి ఒకే ఆల్బంలో పెట్టుకోవాలనో అనుకుంటే అది మంచి కారణమే, అప్పుడు తీయండి.

నాది 1862 నాటి విక్టోరియా రూపాయి, గ్రేడు తక్కువ వేశారనిపిస్తోంది. పగలగొట్టి మళ్ళీ విదేశానికి పంపొచ్చా?

ఇది చాలామందికి తెలియక ఇరుక్కుంటున్న విషయం. వందేళ్ళు దాటిన నాణెం మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఎప్పుడో ఎక్కడో గ్రేడింగ్ అయి మీ చేతికొచ్చిన స్లాబ్‌ని పగలగొడితే, మళ్ళీ గ్రేడింగ్ కోసం విదేశానికి పంపే దారి మూసుకుపోతుంది. ఒక్క గ్రేడు పెరుగుతుందేమో అన్న ఆశతో ఉన్న గ్రేడు కూడా పోగొట్టుకోవద్దు.

వందేళ్ళు దాటని నాణెం అయితే? పగలగొట్టి పంపితే గ్రేడు పెరుగుతుందా?

పెరగొచ్చు, తగ్గొచ్చు. విప్పేటప్పుడు ఓ చిన్న గీత పడితే మాత్రం తగ్గడం ఖాయం. అసలు పగలగొట్టకుండానే, స్లాబ్‌తో సహా పంపి మళ్ళీ చూడమని అడిగే సర్వీసు ఉంది. ఒక కంపెనీ స్లాబ్‌ని ఇంకో కంపెనీకి అలాగే పంపి, గ్రేడు తగ్గేట్టయితే తీయొద్దు అని షరతు పెట్టే ఏర్పాటూ ఉంది. విప్పే పని వాళ్ళకే వదిలేయండి.

స్లాబే నకిలీదని అనుమానంగా ఉంది. పగలగొట్టి చూడనా?

అస్సలు వద్దు. ముందు లేబుల్ మీద ఉన్న సర్టిఫికెట్ నంబరు ఆ కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి. చాలా నాణేలకి అక్కడ ఫొటో కూడా ఉంటుంది, మీ నాణెం మీది మచ్చలు, గీతలు, రంగు దాంతో పోల్చుకోండి. నంబరు అసలుదే అయినా నాణెం వేరేది కావొచ్చు, కాబట్టి నంబరు దొరికింది కదా అని ఆగిపోవద్దు. తేడా కనిపిస్తే స్లాబ్‌ని అలాగే ఉంచి అమ్మినవాళ్ళని అడగండి. పగలగొట్టాక అడిగితే నేనిచ్చింది ఇది కాదనేస్తారు, మీ దగ్గర చూపించడానికి ఏమీ మిగలదు.

ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం కొన్నాం. ఇంట్లో పెద్దవాళ్ళు చేత్తో పట్టుకుని చూస్తామంటున్నారు, తీయొచ్చా?

2023 ఆగస్టు 28న విడుదలైన నాణెం అది, 44 మిల్లీమీటర్ల వెడల్పు. లోహం 50 శాతం వెండి, 40 శాతం రాగి, మిగతాది నికెల్, జింక్. సగం వెండి, దాదాపు సగం రాగి కాబట్టి మన గాలికి తొందరగా రంగు మారుతుంది, చేతి చెమట తగిలిన చోట ఇంకా తొందరగా. పెద్దవాళ్ళ కోరిక నాకు అర్థమవుతుంది, మా ఇంట్లోనూ ఇదే మాట వచ్చింది. నాణెం పట్టే సైజు గట్టి క్యాప్సూల్ ఒకటి తెచ్చి, అట్ట ప్యాకింగ్‌లోంచి తీసి అందులో పెట్టి వాళ్ళ చేతికివ్వండి. రెండు వైపులా తిప్పి చూసుకుంటారు, కళ్ళకద్దుకుంటారు కూడా. ఆ అట్ట ప్యాకింగ్ పారేయకుండా దాచండి.

అక్షయ తృతీయకి కొన్న బంగారు కాసు సీల్ విప్పొచ్చా?

అందులో చూసుకునేది బంగారమే గానీ నాణెం కాదు కాబట్టి లెక్క వేరు. సీలు, లోపలి కార్డు చెక్కు చెదరకుండా ఉంటే మళ్ళీ మార్చుకునేటప్పుడు స్వచ్ఛత గురించి వాదన తక్కువ. విప్పితే కరిగించి చూడాల్సిందే అని షాపువాళ్ళు అనొచ్చు. బ్యాంకులో కొన్నదైతే అది తిరిగి కొనదని గుర్తుంచుకోండి. 24 క్యారెట్ల బంగారం మెత్తన, ఊరికే గీతలు పడుతుంది. నగ చేయించే రోజు వరకూ విప్పకండి.

టంకశాల ప్రూఫ్ సెట్‌లోంచి ఒక్క నాణెం తీసి ఆల్బంలో పెట్టుకుంటే ఏం పోతుంది?

సెట్ పోతుంది. ప్రూఫ్ అంటే దాచుకునేవాళ్ళ కోసం ప్రత్యేకంగా ముద్రించే నాణెం, దాని నేపథ్యం అద్దంలా ఉంటుంది, దాని మీద ఒక్క దూది పోగు రాసుకున్నా గీత కనిపిస్తుంది. ఆల్బంలో పెట్టుకోవడానికి అదే రకం మామూలు నాణెం విడిగా కొనుక్కోండి, చవక.

## పని మొదలెట్టే ముందు

ఏ కాలంలో, ఏ టైంలో తీస్తే మంచిది?

మన గోదావరి డెల్టాలో ఈ ప్రశ్న నిజంగా ముఖ్యం. ఆషాఢం నుంచి కార్తీకం దాకా గాలిలో తేమ ఎంతుంటుందో ఉప్పు సీసా చూస్తే తెలుస్తుంది. ఆ రోజుల్లో విప్పితే అదే తేమని నాణెంతో పాటు కొత్త హోల్డర్‌లో పెట్టి మూసినట్టే. సంక్రాంతి వెళ్ళాక, మాఘ ఫాల్గుణాల్లో, ఎండ బాగా వచ్చి మంచు ఆరిన పొద్దు, పది పదకొండు గంటల వేళ నాకు బాగా కుదిరింది. ఇంకోటి, పని చేస్తున్నంతసేపూ ఫ్యాన్ ఆపాలి, లేకపోతే ప్లాస్టిక్ పొడి అంతా నాణెం మీదికే వస్తుంది. వేసవిలో ఫ్యాన్ ఆపి కూర్చుంటే నుదుటి చెమట బొట్టు నాణెం మీదే పడుతుంది, కాబట్టి వేసవీ వద్దు. ఏసీ గది ఉంటే ఏ కాలమైనా ఫరవాలేదు.

ఏమేం సామాన్లు దగ్గర పెట్టుకోవాలి?

గట్టి కటింగ్ ప్లేయర్ గానీ, ముందు మూతితో కొరికే నిప్పర్ గానీ, రెండోదే మేలు. కళ్ళకి అద్దాలు, చత్వారం అద్దాలు కాదు, వెల్డింగ్ షాపులో వాడే తెల్లద్దాల లాంటివి. రెండు పాత తువ్వాళ్ళు, బాగా ఉతికి మెత్తబడినవి. కెమెరా లెన్స్ మీద దుమ్ము ఊదే రబ్బరు బుడ్డీ. నాణెం వెంటనే పెట్టడానికి కొత్త హోల్డర్, మూత తీసి సిద్ధంగా. ఈ చివరిది మర్చిపోయి, నాణెం చేత్తో పట్టుకుని బీరువాలో హోల్డర్ వెతికే వాళ్ళని చూశాను, దెబ్బ తగిలేది అప్పుడే. టేబుల్ మీద కంటే మంచం మీద పరుపుపై పలక పెట్టుకుని కూర్చోవడం మేలు, జారినా పరుపు మీదే పడుతుంది.

గ్లౌజులు తప్పనిసరా?

దూది గ్లౌజుల్లో నాణెం జారుతుంది, నేను వాడను. చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టుకుని, అంచులు మాత్రమే పట్టుకుంటే చాలు. చెమట చేతులైతే డాక్టర్లు వాడే నీలం రంగు నైట్రైల్ గ్లౌజులు పౌడర్ లేనివి తీసుకోండి. కొబ్బరి నూనె రాసుకున్న జుట్టు సర్దుకుని అదే చేత్తో నాణెం పట్టుకోవడం మాత్రం వద్దు.

ముందుగా ఫొటోలు తీయడం దేనికి?

ఏదైనా గీత కనిపిస్తే అది పాతదా, ఇప్పుడు పడిందా అని తేలడానికి. రెండు వైపులా, అంచు, లేబుల్, నంబరు, అన్నీ పగటి వెలుతురులో తీయండి. రెండు నిమిషాల పని.

## తీసేటప్పుడు

స్లాబ్ ఎలా విప్పాలో మొదటి నుంచి చెప్పండి.

ఒకటే సూత్రం గుర్తుపెట్టుకోండి, బలం అంతా నాణేనికి దూరంగా ఉన్న ప్లాస్టిక్ మీదే పడాలి. స్లాబ్‌లో నాణెం ఒక సగంలో, లేబుల్ ఇంకో సగంలో ఉంటాయి, మన పని లేబుల్ వైపు మొదలవ్వాలి.

అద్దాలు పెట్టుకోండి. నాణెం ఉన్న సగాన్ని తువ్వాలుతో చుట్టి ఎడమ చేత్తో గట్టిగా పట్టుకోండి, లేబుల్ వైపు మూల ఒకటి బయటికి కనిపించాలి. ఆ మూలని నిప్పర్ నోట్లో పెట్టి, అర సెంటీమీటరు లోపలికి మాత్రమే, నెమ్మదిగా నొక్కండి. మొదట ఏమీ జరగదు, ప్లాస్టిక్ తెల్లబడుతుంది, ఆ తర్వాత ఎండు కొబ్బరి చిప్ప విరిగినట్టు టక్కుమని ఓ ముక్క ఎగురుతుంది. కంగారుపడి వదిలేయకండి, అద్దాలు దానికోసమే. రెండో మూల కూడా అలాగే కొరకండి. ఇప్పుడు పక్క అంచు చూస్తే రెండు సగాల మధ్య వెంట్రుకంత సందు కనిపిస్తుంది. ఆ అంచు వెంబడే చిన్న చిన్నగా కొరుక్కుంటూ లేబుల్ దాటే వరకు వెళ్ళండి, నాణెం ఎదురుగా వచ్చే చోట ఆగిపోండి.

ఇక నిప్పర్ పక్కన పెట్టేయండి. రెండు బొటనవేళ్ళతో సందు దగ్గర పట్టుకుని, పుస్తకం తెరిచినట్టు విప్పితే మిగతా అతుకు దానంతటదే వదులుతుంది. వదలకపోతే ఇంకాస్త కొరకండి గానీ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పొద్దు, అది జారిందంటే తిన్నగా నాణెం మొహం మీదికే వెళ్తుంది.

పైసగం ఊడి వచ్చాక నాణెం ఇంకా ఒక రింగులోనో, తెల్లటి ప్లాస్టిక్ చట్రంలోనో ఉంటుంది. పీసీజీఎస్‌లో మెత్తటి రింగు, ఎన్‌జీసీలో నాణేన్ని అంచుల దగ్గర పట్టుకునే చిన్న కొక్కేలున్న తెల్ల చట్రం. నాణేన్ని పైకి లాగకండి. చట్రంతో సహా బయటికి తీసి, మెత్తటి బట్టకి అర అంగుళం పైన పట్టుకుని, చట్రాన్ని కొంచెం వంచితే నాణెం బట్ట మీదికి జారుతుంది. నేను మొదటి స్లాబ్ విప్పినప్పుడు ఇక్కడిదాకా 20 నిమిషాలు పట్టింది, అది ఎక్కువేం కాదు.

ఇనప సుత్తితో ఒక్కటిస్తే అయిపోద్ది కదండీ?

అవుతుంది, స్లాబ్‌తో పాటు నాణెం కూడా. పడుకోబెట్టి కొడితే ప్లాస్టిక్ విరిగి లోపలికి దిగి నాణేన్ని గీస్తుంది. సుత్తి తప్ప ఇంకేమీ లేదంటే స్లాబ్‌ని తువ్వాలులో చుట్టి, నిలబెట్టి, లేబుల్ వైపు అంచు మీద మాత్రమే చిన్నగా తట్టండి, నాలుగైదు దెబ్బలకి అతుకు విడుతుంది. నిప్పర్ ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది, దయచేసి అదే కొనుక్కోండి.

హ్యాక్సా బ్లేడుతో కోయొచ్చా?

కోయొచ్చు, చప్పుడు లేని పని, కానీ పొడి వస్తుంది. ఆ ప్లాస్టిక్ పొడి స్టాటిక్ కరెంటుతో నాణేనికి అంటుకుంటుంది, దాన్ని బట్టతో తుడిస్తే సన్నటి గీతలు పడతాయి. కోస్తే లేబుల్ పైన అంచు ఒక్కటే, లోతు లేకుండా కోసి, మిగతాది చేత్తో విప్పండి. పడ్డ పొడిని రబ్బరు బుడ్డీతో ఊదాలి, నోటితో కాదు. నోటి తుంపర పడిన చోట వెండి మీద కొన్నాళ్ళకి చుక్కలు లేస్తాయి.

వేడినీళ్ళలో వేస్తే, లేదా ఫ్రిజ్‌లో పెడితే ప్లాస్టిక్ తేలిగ్గా వస్తుందంటారు, నిజమా?

వేడి వద్దే వద్దు. హెయిర్ డ్రయ్యర్, కొవ్వొత్తి, వేడినీళ్ళు, ఏదైనా నాణెం రంగు మార్చేస్తాయి, స్లాబ్‌లోకి నీళ్ళు కూడా దూరతాయి. డీప్ ఫ్రిజ్‌లో పెడితే ప్లాస్టిక్ పెళుసెక్కే మాట నిజమే. పొడి దేశాల్లో అది చెల్లుతుందేమో గానీ, మన కాకినాడలోనో నర్సాపురంలోనో ఫ్రిజ్‌లోంచి తీసిన మంచినీళ్ళ సీసాకి నిమిషంలో ఎలా చెమట పడుతుందో మీకు తెలుసు, చల్లటి నాణేనికీ అంతే పడుతుంది.

గుండ్రటి క్యాప్సూల్ ఎంత లాగినా రావట్లేదు, ఏం చేయాలి?

అంచు చుట్టూ గోరు పట్టే సన్నటి గాడి ఉంటుంది. ఒకేచోట బలం పెట్టకుండా గాడి చుట్టూ తిప్పుతూ కొంచెం కొంచెం ఎత్తాలి. గోరు ఆగకపోతే పాత ఏటీఎం కార్డు మూల దూర్చండి, చాకు వద్దు. మూత ఒక్కసారిగా ఊడినప్పుడు నాణెం ఎగిరి పడుతుంది, కాబట్టి క్యాప్సూల్‌ని బట్టకి ఆనించే విప్పండి, గాల్లో పట్టుకుని కాదు.

పిన్నులు కొట్టిన అట్ట హోల్డర్‌లోంచి తీయడం తేలికే కదా?

నాణేలకి ఎక్కువ దెబ్బలు తగిలేది ఇక్కడే. మా నాన్నగారు దాచిన విక్టోరియా రూపాయి ఒకటి అలాంటి అట్టలో ఉండేది. ఇరవయ్యేళ్ళ క్రితం నేను పిన్నులు తీయకుండా, అట్ట పైన సందు చేసి నాణేన్ని పక్కకి లాగాను. లోపలికి వంగి ఉన్న పిన్ను కొన రాణి చెంప మీంచి చెవి దాకా గీత గీసింది, మెరిసే తెల్లటి గీత. అది ఇప్పటికీ అలాగే ఉంది, ఆ నాణెం చూసిన ప్రతిసారీ ముందు కనిపించేది అదే.

మీరు అలా చేయకండి. పిన్ను ఊడదీయాల్సిన పని కూడా లేదు, కత్తెర తీసుకుని పిన్నులున్న అంచులు మూడూ పిన్నులతో సహా కత్తిరించి పారేయండి, నాణెం కనిపించే గుండ్రానికి దూరంగా. నాలుగో అంచు దగ్గర అట్ట పుస్తకంలా తెరుచుకుంటుంది. లోపలి పల్చటి పొర నాణేన్ని పట్టుకుని ఉంటే ఆ పొరనే మెల్లగా వెనక్కి మడవండి, నాణేన్ని దాని మీద జరపొద్దు.

మెత్తటి ప్లాస్టిక్ పౌచ్‌కి నాణెం అతుక్కుపోయింది, లాగితే రావట్లేదు.

లాగకండి. అది పీవీసీ పౌచ్, అందులోని మెత్తదనం కోసం కలిపే నూనెలాంటి పదార్థం బయటికి ఊరి నాణేనికి జిగురులా పట్టింది. కత్తెరతో నాణెం చుట్టూ ప్లాస్టిక్ ఎంత వీలైతే అంత కత్తిరించి, మిగిలిన దాంతో సహా గాజు గిన్నెలో స్వచ్ఛమైన ఎసిటోన్ (ల్యాబ్ కెమికల్స్ షాపులో దొరికే, తొందరగా ఆవిరైపోయే ద్రవం) పోసి నానబెట్టండి. పొర దానంతటదే వదిలాక తీసి, కొత్త ఎసిటోన్‌లో ఇంకోసారి ముంచి ఆరనివ్వండి. ఎసిటోన్ ఆవిరికి మంట చాలా తొందరగా అంటుకుంటుంది, వంటింట్లోనూ దేవుడి దీపం దగ్గరా వద్దు, వరండాలో చేయండి.

స్లాబ్‌నే ఎసిటోన్‌లో పడేస్తే కరిగిపోతుంది కదా, పగలగొట్టే బాధ ఉండదు?

కరుగుతుంది, కరిగిన ప్లాస్టిక్ అంతా నాణెం మీద పూతలా పడుతుంది. ఎసిటోన్ వాడాల్సింది ఒట్టి నాణేనికే, స్లాబ్‌కీ క్యాప్సూల్‌కీ కాదు.

కంసాలి గారికిస్తే చక్కగా తీసిపెడతారేమో?

చెయ్యి తిరిగిన మనిషే, పనిముట్లూ ఉంటాయి. కానీ వెండి కనిపిస్తే మెరుగు పెట్టడం వాళ్ళకి అలవాటు, మీ మీద ప్రేమతోనే పెడతారు. ఇస్తే మీరు పక్కన కూర్చుని, ప్లాస్టిక్ విప్పడం వరకే అని ముందే చెప్పండి.

## తీశాక

చేతికి వచ్చిన నాణెంలో ఏమేం చూసుకోవాలి?

హోల్డర్‌లో ఉండగా సరిగ్గా చూడలేనివి రెండు, బరువు, అంచు. విక్టోరియా వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. అరిగిన నాణెం కొంచెం తగ్గుతుంది గానీ గ్రాము తేడా వస్తే ఆలోచించాలి. 1947 రూపాయి పూర్తి నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది, అంటుకోకపోతే అనుమానించాలి. వెండి రూపాయి అంటుకుంటే అదీ అనుమానమే. నర్సాపురం, పాలకొల్లు వైపు డచ్చివాళ్ళ రాగి నాణేలు ఉన్నవాళ్ళు వాటిని చేత్తో రుద్ది చూడకండి, వీఓసీ (డచ్ ఈస్టిండియా కంపెనీ గుర్తు) అక్షరాల ముద్ర పల్చగా ఉంటే ఏటవాలు వెలుతురులో పెడితే తేలుతుంది.

నాణెం మీద ఆకుపచ్చగా ఏదో ఉంది. అది చిలుమా, ప్లాస్టిక్ జిగురా?

పుల్లతో అంచున తాకి చూడండి. జిగటగా, కాస్త పారదర్శకంగా ఉంటే పీవీసీ, ఎసిటోన్‌కి పోతుంది. గట్టిగా, నాణెంలో భాగంలా ఉంటే పాత చిలుము, దాన్ని కదపొద్దు, అది రాగికి కవచం లాంటిది. లేత ఆకుపచ్చ పొడిలా రాలుతూ, తుడిచిన చోటే మళ్ళీ వస్తుంటే అది రాగిని తినే జబ్బు, ఉప్పు వల్ల వస్తుంది, సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో మరీనూ. అలాంటి నాణేన్ని వేరు చేసి, పూర్తిగా పొడిగా ఉండే డబ్బాలో విడిగా పెట్టండి.

నా దగ్గరున్న మిగతా పౌచ్‌లు పీవీసీవో కాదో ఎలా తెలుసుకోవాలి?

వాసన చూస్తే కొత్త రెక్సిన్ సీటు వాసన వస్తుంది, చేత్తో మడిస్తే మెత్తగా వంగుతుంది. గట్టిగా తేల్చుకోవాలంటే నాణెం తీసేసిన ఖాళీ పౌచ్‌తో ఆరుబయట ఓ పరీక్ష చేయొచ్చు. రాగి తీగ కొన ఎర్రగా కాల్చి పౌచ్‌కి తాకించి, మళ్ళీ మంటలో పెట్టండి, మంట ఆకుపచ్చగా మారితే పీవీసీ. ఆ పొగ పీల్చకూడదు. గట్టిగా, గరగరలాడే పాలిస్టర్ పౌచ్‌లు నాణేనికి హాని చేయవు, వాటి అంచు మాత్రం పదును, జరిపేటప్పుడు చూసుకోండి.

చింతపండుతో ఒక్కసారి తోమితే మెరుస్తుంది కదా?

ఇత్తడి బిందె మెరుస్తుంది, నాణెం చచ్చిపోతుంది. చింతపండు, నిమ్మచెక్క, విభూది, పీతాంబరి, టూత్‌పేస్టు, అన్నీ పైపొరని తీసేసేవే. రెండొందలేళ్ళు పట్టి వచ్చిన రంగు అది, ఐదు నిమిషాల్లో పోయాక ఎన్ని డబ్బులిచ్చినా తిరిగి రాదు, నాణేలు తెలిసినవాడు ఒక్క చూపులో పసిగట్టేస్తాడు. ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను.

వరదలో బీరువాలోకి నీళ్ళొచ్చాయి, స్లాబ్‌లో కూడా మట్టి కనిపిస్తోంది. ఆరబెడితే చాలా?

చాలదు. స్లాబ్ నీళ్ళు దూరని డబ్బా కాదు, దూరిన తేమ బయటికి పోదు. 1986 గోదావరి వరద చూసిన లంక ఊళ్ళ వాళ్ళకీ, 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు అటక మీదికి సామాను చేర్చిన వాళ్ళకీ ఇది కొత్త కాదు. ఇలాంటప్పుడు గ్రేడు, విలువ అని ఆలోచించకుండా ఫొటో తీసుకుని స్లాబ్ విప్పేయండి. ఒండ్రులో కంటికి కనిపించని ఇసుక ఉంటుంది, తుడిస్తే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ గిన్నెలో పోసి, నాణేన్ని అంచుతో పట్టుకుని ముంచి ఊపండి, నీళ్ళు మార్చి మార్చి నాలుగైదుసార్లు. బోరు నీళ్ళు వాడొద్దు, సముద్రానికి దగ్గర ఊళ్ళలో వాటిలో ఉప్పుంటుంది. కడిగాక బట్ట మీద పెట్టి, పైన ఇంకో బట్ట అద్దండి, రుద్దొద్దు. తడి పూర్తిగా పోవడానికి చివర్లో ఓసారి ఎసిటోన్‌లో ముంచితే మంచిది.

తీసిన నాణేన్ని మళ్ళీ దేంట్లో పెట్టాలి, ఎక్కడ పెట్టాలి?

సరైన సైజు గట్టి క్యాప్సూల్ అన్నిటికన్నా మేలు, లోపల నాణెం గలగలలాడకూడదు. క్యాప్సూళ్ళన్నీ మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో వేసి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. వానాకాలంలో నెలకోసారి వాటిని మారుస్తుండాలి. రబ్బరు బ్యాండు చుట్టొద్దు, అందులోని గంధకం వెండిని నల్లగా చేస్తుంది. కలరా ఉండలు కూడా వద్దు, వాటి ఆవిరికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. కొయ్య బీరువా కంటే ఇనప బీరువా నయం. లంకల్లో ఉండేవాళ్ళు కింది అరలో పెట్టకండి.

స్లాబ్ లేబుల్ పారేయొచ్చా?

వద్దు. నాణెంతో పాటు ఉంచుకుంటే చరిత్ర తెలుస్తుంది. గ్రేడింగ్ కంపెనీకి చెబితే ఆ నంబరుని తమ లెక్కలోంచి తీసేస్తారు, దానివల్ల ఆ రకం నాణేలు ఎన్ని ఉన్నాయన్న లెక్క అందరికీ సరిగ్గా ఉంటుంది. లేబుల్ ఎవరికీ ఇవ్వకండి, నకిలీ స్లాబ్‌లు చేసేవాళ్ళకి కావలసింది అదే.

## పొరపాటు జరిగితే

చేతిలోంచి జారి గచ్చు మీద పడింది.

వెంటనే తీసి తుడవకండి. అంచు మీద పడిందా, మొహం మీద పడిందా చూడండి. అంచు సొట్ట పడితే దాన్ని సరిచేయించే ప్రయత్నం చేయొద్దు, సుత్తి తగిలితే ఇంకా పాడవుతుంది. సొట్టతోనే ఉంచుకోండి.

గీత పడింది. పాలిష్ పెడితే పోతుందా?

గీత పోదు, చుట్టూ ఉన్న లోహం పోతుంది. ఒక్క గీత ఉన్న నాణేన్ని కొనేవాళ్ళున్నారు, పాలిష్ పెట్టిన నాణేన్ని చూసి పక్కన పెట్టేస్తారు.

వేలిముద్ర పడిపోయింది, టెన్షన్‌గా ఉంది.

పడి గంటలే అయితే పోతుంది. గాజు గిన్నెలో స్వచ్ఛమైన ఎసిటోన్ పోసి, అంచు పట్టుకుని నాణేన్ని ఓ నిమిషం ముంచండి, ఇంకో గిన్నెలో కొత్త ఎసిటోన్‌తో రెండోసారి. రుద్దక్కర్లేదు. గోళ్ళ రంగు తీసే సీసాలో రంగు, వాసన, నూనె కలిసి ఉంటాయి కాబట్టి అది వద్దు, ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో అడగండి. బయటికి తీస్తే అర నిమిషంలో ఆరిపోతుంది. అదే ముద్ర నెలల తరబడి ఉండి గోధుమరంగుకి తిరిగితే ఏ మందుకీ పోదు, అందుకే హోల్డర్‌లో పెట్టి మూసే ముందు వెలుతురు కింద రెండు వైపులా ఒక్కసారి తిప్పి చూసుకోండి.